కోడిపిల్లలు విన్న గొంతు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అన్న గొంతే. కండక్టరు పనిలో అలవాటైన కేకతో, "లేవరా మొద్దూ, కోళ్లు కూడా లేచాయి" అని తమ్ముణ్ణి లేపేవాడు. ఆ దెబ్బకి పక్కింటివాళ్లూ లేచి కూర్చునేవారు. ఆయన పోయాక ఆ ఇల్లు చడీచప్పుడూ లేకుండా తెల్లవారుతోంది. వదిన మరిది గది తలుపు మీద వేలితో తట్టి, వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఆమె చదువు ఏడో తరగతితోనే ఆగింది. కాపురానికి వచ్చేనాటికి మరిది నిక్కర్ల పిల్లవాడు. జ్వరాలకీ పరీక్షలకీ పక్కన కూర్చుని పెంచింది. ఇప్పుడతను యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. గుడ్డులోని కోడిపిల్లకి చెవి ఎలా తయారవుతుంది, దాని మెదడు ఎప్పటినుంచి వింటుంది అన్నదే అతని పని. పొదిగే పెట్టెలోని గుడ్లకి రోజూ ఒకే గొంతు వినిపిస్తారు. పిల్లలు బయటికొచ్చాక ఆ గొంతు వైపు నడుస్తాయా లేదా అని చూస్తారు.

ఒకరోజు అన్నం కలుపుతూ, తలెత్తకుండా, ఆ గొంతు అన్నదేనని చెప్పాడు. ఆఖరి విడత గుడ్లు రేపోమాపో పగులుతాయి. వదిన వద్దంటే అంతా పక్కన పెట్టి, వేరే గొంతుతో మళ్లీ మొదలుపెడతానన్నాడు. ఏడాది కష్టం నీళ్లపాలవుతుందని అతను అనలేదు గానీ ఆమెకి తెలుసు. ఆ గొంతు వినలేకే ఆమె పెళ్లి వీడియో కూడా ఎవరినీ పెట్టనివ్వలేదు.

"నాతో ఒక్కమాట చెప్పకుండా ఆయన్ని కోళ్లకిచ్చేశావా?"

"నేనివ్వలేదు వదినా. అన్నే కూర్చుని రికార్డు చేయించుకున్నాడు."

ఆమె కంచం తీసేసి, చేయి కడుక్కుని వచ్చింది. "నేనూ వస్తా. నా ఎదురుగానే వినిపించు."

గుడ్లు పగిలాక ఆమె అతనితో యూనివర్సిటీకి వెళ్లింది. అక్కడ వెచ్చటి గదిలో పొడుగాటి తొట్టి ఉంది. దాని ఒక చివర అన్న గొంతు, రెండో చివర అవే మాటలు పలికే ఆఫీసు గుమాస్తా గొంతు. మొదటి పిల్ల తూలుతూ గుమాస్తా వైపే పోయింది.

"మీ అన్నకి ఈ పూట గిరాకీ లేనట్టుంది" అంది వదిన.

రెండోది నిలబడి మెడ వంచి వింది. అన్న వైపు నడిచింది, పడింది, లేచింది, స్పీకరుకి రొమ్ము ఆనించి నిలబడిపోయింది. వదిన బల్ల అంచు పట్టుకుంది. అది చూసి మరిది చెయ్యి స్విచ్చి మీదికి వెళ్లింది.

"ఆపకు" అందామె. "అది ఇంకా వింటోంది."

ఇంటికొచ్చాక, ఆ రికార్డు ఇంకోసారి పెట్టమని ఆమే అడిగింది. సింకులో పొద్దుటి అంట్లు అలాగే ఉన్నాయి. కుళాయి తిప్పితే ఆ చప్పుడులో మాట సరిగ్గా వినపడదని, ఆమె వాటి జోలికి పోలేదు.