నా సైకిల్ వెనక మా ఆయన స్కూటర్

దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాచకొండ గుట్టల దాక సైకిల్ తొక్కిన అని చెప్తే అందరు నోరు తెరుస్తరు. వెనకనే మా ఆయన స్కూటర్ మీద వచ్చిండని చెప్తే మాత్రం, "ఎంత అదృష్టమమ్మా నీది" అంటరు. ఆ మాట విన్నప్పుడల్ల నాకు ఒళ్లు మండుతది. ఆ అదృష్టం ఎట్లుండెనో చెప్త, వినుండ్రి.

మా అమ్మగారి ఊరు మంచాల దిక్కు. మా ఇంటి ముంగట నిలబడితే రాచకొండ గుట్టలు కనపడుతయి. నా చిన్నతనంల సీతాఫలాల కాలమొస్తే మా అన్న, వాళ్ల దోస్తులు సైకిళ్లేసుకొని గుట్టకు పోయేటోళ్లు. పొద్దుగూకే యాళ్లకు సంచుల నిండ పండ్లు తెచ్చేటోళ్లు. "ఎక్కుతుంటే పానం పోయిందే అవ్వా, ఏం ఎత్తు, ఏం ఎత్తు!" అని మా అన్న గప్పాలు కొట్టుకుంట తినేటోడు. నేను నోరెల్లబెట్టి వినేదాన్ని. నాకూ సైకిలొచ్చు. పక్కూరు బడికి సైకిల్ మీదనే పోయేదాన్ని, మా అన్న కన్న జోరుగ తొక్కేదాన్ని.

పెద్దమనిషినైన. సైకిల్ బంద్. బడికి బస్సుల పొమ్మన్నరు. నేను ఏడ్సుకుంట కూసుంటే మా అన్న నా పక్కన కూసోని సముదాయించిండు: "ఎందుకే పరేషాన్ అయితవు? నీ తాన సైకిలున్నా ఆ గుట్ట ఎక్కకపోదువు. అది ఆడపిల్ల ఎక్కే గుట్ట కాదు." వాడు మంచికే అన్నడు. నాకు మాత్రం ఆ మాట లోపల్నే ఉండిపోయింది. పెండ్లయి, పిల్లలై, వాళ్ల చదువులై, ఇన్నేండ్లయినా పోలే.

మా కొడుకు బైక్ కొనుక్కున్నంక వాని గేర్ల సైకిల్ మా అపార్ట్‌మెంట్ సెల్లార్ల దుమ్ము తింటున్నది. ఒకనాడు దాన్ని బయటికి తీసి, కడిగి, గాలి కొట్టిపిచ్చి, నీళ్ల సీసా పెట్టుకోను వెనక క్యారేజీ బిగిపిచ్చిన. తెల్లారగట్ల మెట్రో పిల్లర్ల కింద ఎల్‌బీ నగర్ దాక పోయొచ్చేదాన్ని. అలవాటైనంక తుర్కయంజాల్ దాక. మోకాళ్లు నొచ్చినయి, తగ్గినయి. ఇగ ధైర్యమొచ్చి మా అన్నకు ఫోన్ చేసిన. "ఆదివారం సైకిల్ మీద గుట్ట ఎక్కి, అటు నుంచి మీ ఇంటికి బువ్వకొస్త" అన్న. వాడు పడి పడి నవ్విండు. "నడుమల దిగి నూక్కుంట పోతవు చూడు" అన్నడు. "దిగితే నేనే చెప్త తీ" అన్న.

నాకు కావల్సింది అదొక్కటే. కాలు కింద పెట్టకుంట, ఎవ్వల ఆసరా లేకుంట, ఆ గుట్ట ఒక్కసారి ఎక్కాలె.

మా ఆయన విన్నడు. ఆయనకు చైతన్యపురిల హార్డువేర్ దుకాణం, ఆదివారం బంద్ ఉంటది. "ఒక్కదాన్ని ఎట్ల పంపుత? నలుగురు ఏమనుకుంటరు? స్కూటర్ మీద నీ వెనక నేనుంట. నేను నోరు తెరిస్తే చూడు" అన్నడు. కాదంటే ప్రయాణమే ఆగిపోతదని ఒప్పుకున్న.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటకముందే ఆయన నోరు తెరిసిండు. "ఎడమకు! ఎడమకు! బస్సొస్తున్నది! నిదానం!" ఆ బస్సు ఎటో విజయవాడ రోడ్డు పట్టుకొని పోతున్నది, నాకేం సంబంధం లేదు. నాకు తొవ్వ ఇయ్యమని ముంగటోళ్లకు ఆయన హారన్ కొడితే వాళ్లు తిరిగి నన్ను గుర్రుగ చూసుడు. సాగర్ రోడ్డెక్కినంక, "నీళ్లు తాగు. గేర్ మార్చు. గట్ల వంగకు, నడుము పడుతది." ఆయన జన్మల గేర్ల సైకిల్ ముట్టలే. నా తల తినేసిండు.

తుర్కయంజాల్‌ల చాయ్‌కి ఆగినం. హోటలాయనది గుంటూరు దిక్కు. నేను చెమట తుడుసుకుంట సైకిల్ స్టాండ్ వేస్తుంటే, నన్నడగకుంట మా ఆయన్నడిగిండు. "ఏమైందండీ, మేడం గారి బండి పాడయిందా?"

"లేదన్నా. ఆమెకు షుగర్. డాక్టర్ సాబ్ సైకిల్ తొక్కమన్నడు."

నాకు షుగర్ లేదు. షుగరున్నది మా ఆయనకు. "అయ్యో, ముందే చెప్పొద్దుటండీ" అనుకుంట హోటలాయన నాకు చక్కెర లేని చాయ్ పోసిచ్చిండు. అది తాగిన. మా ఆయన చక్కెర చాయ్ జుర్రుకుంట తాగిండు.

ఇబ్రహీంపట్నం పెట్రోల్ బంకుల అడిగినోళ్లకు, "మొక్కున్నది, గుట్టకు పోతున్నం" అని చెప్పిండు. మంచాల కాడ గొర్లు తోలే ముసలాయనకు, "కొడుకు సైకిల్, కరాబైందా లేదా చూస్తున్నది" అన్నడు. ఎవరడిగినా ఒక కొత్త కత చెప్తడు గని, ఆమెకు మనసైంది తొక్కుతున్నది అని ఒక్కతాన గూడ చెప్పలే. "గట్ల చెప్తే నీకేం పోయింది?" అని అడిగిన. "మంచిగనిపియ్యదు" అన్నడు. నాకు ఏడ్వాల్నో నవ్వాల్నో తెల్వలే.

మంచాల దాటినంక ప్లాట్ల బోర్డులు తగ్గినయి. బండరాళ్లు, మోదుగ చెట్లు, తొవ్వ పక్కకు సీతాఫలం పొదలు. గుట్ట మొదలైంది. చిన్న గేర్‌ల వేసిన. మొదటి మలుపు దాక మంచిగనే పోయిన. రెండో మలుపు కాడ ఊపిరి గొంతుల కొట్టుకునుడు షురువైంది. చెమట కండ్లల్లకు దిగి మండుతున్నది. ముంగట ఎత్తు గోడ లెక్క నిలబడ్డది. వెనక స్కూటర్ సప్పుడు దగ్గరికొచ్చింది. పొద్దట్నుంచి వింటున్న సప్పుడే గదా, పట్టించుకోలే. ఇగ అయిపోయింది, కాలు పెడుత అనుకున్నంతల ఒక్కసారిగ సైకిల్ తేలికైంది. తొక్కుతుంటే పోతున్నది! నా కాళ్లకు యాడికెల్లో సత్తువొచ్చిందనుకున్న. "పోతున్న, పోతున్న" అని నాకు నేనే పెద్దగ అరుసుకుంట పోయిన. కొసకు చేరినంక సైకిల్ పడేసి బండ మీద కూలబడ్డ. ఎంత సంబురమైందంటే, సీతాఫలం చెట్టును కావలించుకోవాలనిపిచ్చింది.

మా ఆయన అప్పటికే ఫోన్ తీసిండు. నా ఫోటో కొట్టి మా అన్నకు చేసిండు. "బావా, మీ చెల్లె ఎక్కేసింది! ఒక్కతాన గూడ దిగలే... ఆఁ, రెండో మలుపు కాడ చేతులెత్తేస్తుండె. నేనే వెనకకెల్లి క్యారేజీకి కాలు పెట్టి నూకిన. పట్నంల పెట్రోల్ అయిపోయిన బండ్లను నూకుతం గద, గట్ల. ఆమెకు తెల్వనే తెల్వదు!"

నా సంబురమంత నీరుగారిపోయింది. లేసి ఆయన ముంగటికి పోయిన.

"ఎందుకు నూకినవ్?"

"ఆయాసపడుతుంటివి గద."

"నేనడిగిన్నా?"

"పెండ్లాము కష్టపడుతుంటే అడిగే దాక ఆగాల్నా? సాయం చేసుడు గూడ తప్పేనా?"

ఏమని చెప్పాలె గా మనిషికి? తాగొచ్చి తిట్టే మొగడైతే నాలుగు మాటలు అనొచ్చు. మంచితనంతోని పానం తీసేటోన్ని ఏమంటం? మీద పడి కొట్టాలన్నంత కోపమొచ్చింది. చెయ్యి చాపి, "స్కూటర్ తాళం ఇయ్యి" అన్న. నా మొఖం చూసి ఇచ్చిండు. తాళం సంచిల వేసుకొని, సైకిల్ లేపి, గుట్ట కిందికి దిగిపోయిన.

కింద రెండు బుక్కల నీళ్లు తాగి, మల్ల ఎక్కుడు షురు చేసిన.

ఈసారి వెనక సప్పుడు లేదు. నా ఊపిరి, గొలుసు కిర్రుమనుడు, అంతే. మొదటి మలుపు దాటిన. రెండో మలుపు కాడ అదే ఎత్తు, అదే మంట. పండ్లు బిగవట్టి తొక్కిన. తొడ కండరం పట్టేసింది. కాలు కింద పెట్టిన. పెట్టొద్దు పెట్టొద్దు అనుకుంటనే పెట్టిన. ఆ ఎత్తు మీద మల్ల సీటెక్కి తొక్కబోతే సైకిల్ పక్కకు ఒరిగి మోచెయ్యి గీక్కపోయింది. రోడ్డు మీదనే కూసోని ఎక్కెక్కి ఏడ్సిన. మా ఆయన నూకకుంటే మొదటిసారి ఎక్కుదునో ఏమో, గది గూడ ఇగ తెల్వదు. అలిసిపోయిన కాళ్లతోని మల్ల రావల్సొచ్చింది. ఇంత దూరం తొక్కినంక నాకు దక్కింది గిదా అని దుఃఖం ఆగలే.

జరసేపటికి లేసిన. సైకిల్ హ్యాండిల్ పట్టుకొని కుంటుకుంట నూక్కుంట ఎక్కిన. పైన మా ఆయన నన్ను చూసి ఎదురుగ రాబోయిండు. "ఆడ్నే ఉండు!" అని అరిసిన. ఆగిపోయిండు. నేను చేరే దాక చేతులు ఎటు పెట్టుకోవాల్నో తెల్వనట్టు నిలబడ్డడు.

ఫోన్ గుంజుకొని మా అన్నకు నేనే చేసిన. మాటిచ్చిన గద. "అన్నా, ఎక్కలేదురా. మొదటిసారి ఆయన నూకిండు. రెండోసారి నడుమల దిగి నూక్కుంట వచ్చిన. నువ్వన్నట్టే అయింది" అన్న.

నవ్వుతడనుకున్న. నవ్వలే. "రెండుసార్లు ఎక్కినవా? పిచ్చి లేసిందానే నీకు?" అన్నడు. "ఆ గుట్ట మీదికి సైకిల్ ఎవడెక్కిస్తడే? అప్పుడు తారు రోడ్డు గూడ లేకపాయె. మేం కింద చెట్టు కాడ సైకిళ్లు పెట్టి, నడిచే పోయేటోళ్లం. నీకు తెల్వదా?"

నాకు తెల్వదు. ఎవ్వలు చెప్పలే. "మరి నా సైకిల్ బంద్ అయినప్పుడు నాతోని గట్లెందుకంటివిరా?" అని అడిగిన.

"ఏమంటి?"

వానికి యాదికి గూడ లేదు.