అర్థం చెప్పనిదే గడి నింపరాదు

నేను లెక్కల టీచరును. స్టెప్పులు లేకుండా జవాబొక్కటే రాసిన పిల్లలకు సున్నా వేసేదాన్ని, జవాబు సరిగ్గా ఉన్నా సరే. "ఇదెట్లొచ్చిందో చెప్పు" అని నిలబెట్టి అడిగితే పాపం నేలచూపులు చూసేవాళ్లు. నాకు ముక్కు మీద కోపమని ఊరందరికీ తెలుసు. ఆ కోపం న్యాయమైనదని మాత్రం నేనొక్కదాన్నే నమ్మేదాన్ని.

ఎనభైల చివర్లో కాపురం సూర్యాపేటలో, ఉద్యోగం కోదాడ దాటి చిలుకూరు వైపు ఒక ఊళ్లో. రోజూ పొద్దున ఏడున్నర బస్సు. బానెట్ పక్కన ఆడవాళ్ల సీటులో నేనూ, మునగాల దవాఖానలో పనిచేసే ఒక నర్సమ్మా కూర్చునేవాళ్లం. శుక్రవారం బస్టాండు కొట్లో వారపత్రిక కొనగానే వెనక పేజీ తీసి గళ్ల నుడికట్టు ముందేసుకునేదాన్ని. కథలూ సీరియళ్లూ తర్వాత. ఆధారం పైకి చదివితేనే నాకు బుర్ర పనిచేస్తుంది. నర్సమ్మ వినేది, వింటూ నిద్రపోయేది.

ఒక శుక్రవారం "తీసెయ్యాల్సిందే, పేరు మాత్రం చేర్చమంటుంది, మూడక్షరాలు" అని నాలుగుసార్లు చదివాను. చివ్వెంల దగ్గర బస్సు ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "కలుపు అయితదేమో సూడు టీచరమ్మా" అన్నాడు.

యాభై ఏళ్ల మనిషి, ఏడో తరగతితో చదువు ఆపేసినవాడు. అంతకుముందు మా మధ్య మాటల్లేవు. ఆయన నెత్తి మీదనే "డ్రైవరుతో మాట్లాడరాదు" అని బోర్డు ఉండె.

"ఎట్లొచ్చింది అన్నా?"

"ఏమో. గట్ల అనిపిచ్చింది."

నాకు ఒళ్లు మండింది. చేలో కలుపు తీసెయ్యాలి, కలుపు అంటే చేర్చు అని కూడా అర్థం. నిమిషంలో విడదీసి చెప్పాను. "అర్థం చెప్పనిదే గడి నింపేది లేదు అన్నా. నా దగ్గర అదే రూలు" అన్నాను.

"నాకు జవాబొక్కటే వస్తది. అర్థం నువ్వు దేవులాడుకో" అని గేరు వేశాడు.

అప్పటి నుంచి అదే ఆట. ఆయన బండి నడుస్తుండగా నోరు మెదపడు. ఒక స్టాపులో నేను ఆధారం చదివితే తర్వాతి స్టాపులో జవాబిస్తాడు. ఆ పై స్టాపు వచ్చేలోపు నేను అర్థం చెప్పాలి. చెప్పలేకపోతే కొట్టేయాలి. నేను కొట్టేసిన జవాబులు తర్వాత అచ్చులో సరైనవిగా తేలితే బస్సంతా నన్ను ఆటపట్టించేది. కండక్టరైతే టికెట్లు కొట్టడం ఆపి మరీ నవ్వేవాడు.

ఆట మొదలైన మూడో ఏడు సంక్రాంతి సంచికలో పెద్ద నుడికట్టు వచ్చింది. అడ్డం జవాబులన్నిటినీ కలిపే దారం ఒకటి దాగి ఉందట. గళ్లు నింపడమే కాదు, ఆ దారమేమిటో ఒక్క వాక్యంలో కార్డు మీద రాసి పంపాలి.

గళ్లు రెండు వారాల్లో నిండాయి. "ముట్టుకుంటే పోయేది" మడి. "వచ్చినారులో వచ్చి పోతే మిగిలే పచ్చదనం" నారు. మన పాత కలుపు మళ్లీ వచ్చింది. "చీకట్లో చప్పుడు ఎలుకో తలుపో తెలియదు, కరెంటుకు ఇదొస్తే" అంటే కోత. ఎలుకో తలుపోలోనే దాక్కుని ఉంది. "మనిషి కూలితే ఇలా కూలుతాడు" కుప్ప. "రమ వెనుదిరిగితే యంత్రం" మర. "ఒక్కటి పట్టి చూస్తే చాలు, అందరి సంగతీ తెలుస్తుంది" మెతుకు. అన్నిటికీ అర్థాలు చెప్పాను, ఒక్కటీ కొట్టెయ్యలేదు.

దారం మాత్రం చిక్కలేదు. మడి కట్టుకోవడం, కరెంటు కోత, యంత్రం... చూసి చూసి, "ఆచారం నుంచి యంత్రయుగానికి మానవుని ప్రయాణం" అని ఘనంగా ఒకటి అల్లి నర్సమ్మకు వినిపించాను. ఆమె "బాగుంది" అని మునగాలలో దిగిపోయింది.

ఆకుపాములలో బస్సు ఆగాక డ్రైవరన్న అన్నాడు: "టీచరమ్మా, గది వరి గదా. మడి దున్ని, నారు వోసి, కలుపు దీసి, కోత గోసి, కుప్పేసి, మర పట్టిచ్చి... ఆఖరికి మెతుకు. మా అయ్య బతుకంత గిదే."

నేను నోరు తెరుచుకుని చూశాను. ప్రతి మాటనూ నా అర్థంతో కట్టేసి పక్కన పెట్టాను. ఆయనకు అర్థాలు గుర్తుండవు కనుక ఉట్టి మాటలు మిగిలాయి, వరసగా కనిపించాయి. ఆ సంతోషంలో కోదాడ పోస్టాఫీసులోనే కార్డు రాసి డబ్బాలో వేశాను. కింద పేరు రాయమన్నచోట నా పేరు రాశాను. అలవాటుగా రాశాను, ఇంకో ఆలోచనే రాలేదు.

నెల తర్వాత ఫలితాలు వచ్చాయి. దారం కనిపెట్టినవాళ్ల జాబితాలో మా జిల్లా నుంచి నా పేరొక్కటే. బస్సందరికీ పాలకోవా పంచాను. మునగాలలో ఆగినప్పుడు డ్రైవరన్న పత్రిక అడిగి తీసుకుని, జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివాడు. మళ్లీ పైనుంచి చదివాడు. "సంతోషం టీచరమ్మా" అని తిరిగిచ్చాడు. నేనిచ్చిన కోవా బానెట్ మీద వేడికి కోదాడ దాకా కరుగుతూనే ఉంది.

తర్వాతి శుక్రవారం నేను ఆధారం చదివాను. చివ్వెంల వచ్చింది, జవాబు రాలేదు. "ఏమన్నా, చెప్పవేం?" అన్నాను. ఆయన వెనక్కి తిరగకుండా చెయ్యెత్తి బోర్డు మీద రెండుసార్లు తట్టాడు.

సంగతి కండక్టరు చెప్పాడు. "గా దినం పొద్దుగాల, ఇప్పి సూడకుండనే మూడు పుస్తకాలు కొన్నడమ్మా. ఇంటికొకటి, డిపోల సూపెట్టనీకె ఒకటి, ఊర్లున్న అయ్యకు ఒకటి. మీ పేరు పక్కన తన పేరు పడ్తదని నెల సంది డిపో అంత చెప్పుకున్నడు."

సిగ్గుతో చచ్చిపోయాను. దారం ఆయనది, పేరు నాది. ఇదెట్లొచ్చిందో చెప్పు అని ఎవరైనా నన్ను నిలబెడితే, చూపించడానికి నా దగ్గర ఒక్క స్టెప్పు లేదు. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు, నన్ను చూసే అని ఉంటారు. తప్పయిందని చెప్పడానికి రెండు వారాలు మాటలు కూర్చుకున్నాను. రోజూ పిల్లల తప్పులు దిద్దేదాన్ని, నాలుగు మాటలు అనడానికి నోరు రాలేదు. ఈలోగా ఆయనకు మిర్యాలగూడ డిపోకు బదిలీ అయింది.

ఆ వేసవంతా నుడికట్టు సగం ఖాళీగానే మిగిలేది. దసరా సంచికలో మళ్లీ దారం ఉన్న నుడికట్టు వచ్చింది. సెలవులే కదా అని పత్రిక సంచిలో పెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. అక్కడి బస్టాండులో గంటన్నర నిలబడితే ఆయన బండి వచ్చింది. కిటికీ కిందికి వెళ్లి నిలబడ్డాను. ఆయన నన్ను చూసి, అలవాటుగా చెయ్యి బోర్డు వైపు ఎత్తాడు.

"ఇంజను బందే ఉంది కదా అన్నా," అన్నాను. "తప్పు నాది. ఆ కార్డు మీద నీ పేరు ఉండాలి. ఎందుకు రాయలేదని అడిగితే నాకు జవాబు లేదు."

ఆయన చెయ్యి ఇంకా బోర్డు వైపే ఉంది. ఏం చెయ్యాలో తోచక పత్రిక తీసి చదివాను: "నోరు విప్పమంటే కాలికి తగిలింది, రెండక్షరాలు."

ఆయన పకపకా నవ్వాడు. "చెప్పు! ఎంత పని జేస్తివి టీచరమ్మా" అన్నాడు.

బండి కదిలేలోపు చెప్పు, రెక్క, తాళం, ఎద్దు వచ్చేశాయి. తాళమంటే భజనలో వాయించేదని నేను చెప్పాను. ఈసారి అర్థాలన్నీ పక్కన పెట్టి ఉట్టి మాటలు చూశాను. దారం నాకే దొరికింది: ఒంటిగా ఉంటే పనికిరానివి, జంటగా ఉండాల్సినవి. కార్డు రాసి, కింద ఆయన పేరొక్కటే రాశాను. నా పేరు రాయకుండా ఉండటానికి పెన్ను గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది, నిజం చెప్పొద్దూ.

ఆ పేరు అచ్చయింది. నేను కూడా మూడు పత్రికలు కొన్నాను.

ఆ చలికాలంలో హుజూర్‌నగర్‌లో ఏదో పనుండి ఒక సాయంత్రం కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కితే, అది ఆయన బండే. బోర్డు అక్కడే ఉంది. "డ్రైవరుతో మాట్లాడరాదు." దాని కింద సుద్దముక్కతో, "పజిల్ అడుగొచ్చు, బండి ఆగినంక." ఆ పక్కన మైదా పిండితో అతికించిన జాబితా ముక్క. అందులో ఆయన పేరు పక్కన నీలం పెన్నుతో, వంకర అక్షరాలతో నా పేరు.

"ఇదేందన్నా?"

బస్సు ఇంకా కదల్లేదు. ఆయన నిదానంగా వెనక్కి తిరిగాడు. "అర్థం రానిది రాయొద్దని నువ్వే గదా అన్నవ్. దారమేమో జంటలంటివి, పేరేమో ఒక్కటే ఏస్తివి. ఎంత సోంచాయించినా నాకు అర్థం రాలే. గందుకే ఖాళీ గడి నేనే నింపిన."

మూడేళ్లు ఆడిన ఆటలో డ్రైవరన్న ఒక జవాబుకు కారణం చెప్పడం అదే మొదటిసారి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడానికి సంచిలోంచి పత్రిక తీసి, ఒకటి అడ్డం చదివాను.