మోతి అలిగిన వేళలు

దెయ్యాలు, గాలి సోకడం, దిష్టి తగలడం వంటివి నేనెప్పుడూ నమ్మలేదు. చదివింది ఎలక్ట్రికల్ డిప్లొమా. కరెంటు కంటికి కనబడదు గాని మీటర్ పెడితే ముల్లు కదులుతుంది. ముల్లు కదలకపోతే అక్కడ ఏమీ లేనట్టే అనుకునేవాణ్ని. ఇది దెయ్యం సంగతి కూడా కాదు, మా కుక్క సంగతి. అప్పట్లో రాసుకున్న నోట్‌బుక్ ముందు పెట్టుకునే రాస్తున్నాను.

మాది జనగామ వైపు జఫర్‌గఢ్. బాపుకు బొగ్గుగనిలో పని కావడంతో భూపాలపల్లిలో క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. గని దగ్గర చలికి వణుకుతున్న కుక్కపిల్లను బాపు తెచ్చి మోతి అని పేరు పెట్టాడు. పెద్దయ్యాక దానికి ఒకటే జబ్బు. బాపు ఇంకెవరినీ దగ్గరికి తీయకూడదు.

అమ్మ చాయ్ ఇస్తుంటే మధ్యలోకొచ్చి నిలబడేది. పక్కింటి పిల్లను బాపు ఎత్తుకుంటే ఆయన మోచేయి కింద తల దూర్చేది. అప్పటికీ దింపకపోతే దండెం మీది బాపు తువ్వాల లాక్కుని మంచం కిందికి పోయి, గోడవైపు మొహం పెట్టి పడుకునేది. గంటసేపు అన్నం ముట్టేది కాదు. దాన్ని మేం అలక అనేవాళ్ళం. "ఈ వయసుల నా మీదికి సవతిని తెచ్చిండు మీ బాపు" అని అమ్మ నవ్వేది.

అక్క నవ్వలేదు. ఆమెను మహబూబాబాద్‌లో ఇచ్చాం. కడుపుతో ఉండి ఇంటికి వచ్చినప్పుడు బాపు భుజం మీద తల వాల్చితే మోతి ఆమె కొంగు పట్టి చింపింది. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలి. అక్క ఆ రోజే తేల్చి చెప్పింది.

"బాపు, ఈ ఇంట్ల అదన్న ఉండాలె, నా బిడ్డన్న ఉండాలె."

బయ్యారంలో మామయ్య కుక్కను తీసుకుంటానన్నాడు. బాపు రెండు రోజులు సరిగా తినలేదు. అది చూడలేక నేను ఇరవై ఒక్క రోజులు గడువు అడిగాను. ఈలోగా అలక మాన్పించకపోతే బయ్యారం పంపిద్దామన్నాను.

పాత చీరను పసిపిల్లలా చుట్టి ఒళ్ళో పెట్టుకుని నిమరాలి. మోతి ఊరుకుంటే గుడ్డు ముక్క వేయాలి. అలిగితే సమయం, కారణం నోట్‌బుక్‌లో రాయాలి. ఇదీ నా పద్ధతి. గుడ్లు అయిపోయాయి గాని మోతి ఒక్కసారీ అలగలేదు. నేనెవరిని నిమిరితే దానికేం?

అప్పుడే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. గనులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. అత్తారింట్లో ఉన్న అక్కకు నెలలు నిండకుండానే నొప్పులు వస్తున్నాయని ఫోన్ వస్తే బాపు అమ్మను బండి మీద ఎక్కించుకుని మహబూబాబాద్ పోయాడు. నూరు కిలోమీటర్ల పైనే దూరం. ఆడపిల్ల పుట్టింది. బరువు చాలక దవాఖానలో అద్దాల పెట్టెలో పెట్టారు. బతుకుతుందని ఎవరూ గట్టిగా చెప్పలేదు.

మరునాడు పొద్దున 11:20కి మోతి ఉన్నట్టుండి లేచి, దండెం మీద ఆరేసి ఉన్న బాపు తువ్వాల లాక్కుని మంచం కింద దూరింది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. 'కారణం లేదు' అని రాశాను. సాయంత్రం బాపు ఫోన్‌లో, నర్సమ్మ చేతులు కడిగించి పాప అరికాలు ముట్టుకోనిచ్చిందని సంబరంగా చెప్పాడు. పదకొండున్నరకు అటూ ఇటూ అన్నాడు. నేను పట్టించుకోలేదు.

తర్వాతి రోజు 4:40కి మళ్ళీ అలిగింది. బాపు పాపను ముట్టుకున్నది నాలుగున్నర దాటాకే. అది విన్నాక నోట్‌బుక్‌లో ముందు రోజు పేజీ తిప్పి చూశాను.

అప్పటినుంచి జాగ్రత్తపడ్డాను. పాపను ముట్టుకున్నప్పుడల్లా గడియారం చూసి చీటీ మీద రాయమని బాపును అడిగాను. ఎందుకో చెప్పలేదు. ఆ వేళలు నాకు రాత్రికి గాని తెలియవు కాబట్టి, నా మొహం చూసి మోతి పసిగట్టే వీలు లేదు. గని బ్లాస్టింగ్ చప్పుళ్ళకు బెదిరిందనుకుందామంటే సమ్మెలో బ్లాస్టింగే లేదు. మరో ఐదుసార్లు అలిగింది. ఐదుసార్లూ చీటీతో సరిపోయింది. తేడా మూడు నిమిషాలు దాటలేదు. నా ఫోనుకూ ఆయన గడియారానికీ మధ్యనే రెండు నిమిషాల తేడా ఉంది.

ఆ తర్వాత ఒకరోజు పగలు 3:05కి జరిగింది వేరు. మోతి మంచం కిందినుంచి తువ్వాల నోట కరుచుకుని మెల్లగా బయటికి వచ్చింది. దాన్ని బాపు మంచం మీద తలవైపు పెట్టింది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత గడప దాటి, వాకిలి దాటి, గేటు బయట పడుకుంది. ఇంట్లోంచి ఒక పెద్దమనిషి వెళ్ళిపోతున్నట్టు అనిపించి నేను లేచి నిలబడ్డాను.

ఎంత పిలిచినా మళ్ళీ లోపలికి రాలేదు. అన్నం గేటు బయటే పెట్టాల్సి వచ్చింది.

ఆ రాత్రి భయపడుతూ ఫోన్ చేశాను. పాప పాలు తాగుతోందట, గండం గడిచినట్టేనట. మూడింటికి ముట్టుకున్నావా అంటే, "ఇయ్యాల నేను లోపలికే పోలే బిడ్డా" అన్నాడు బాపు. 'సరిపోలేదు' అని రాసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు ఊరట కలిగింది.

సమ్మె ముగిశాక అందరూ జీపులో వచ్చారు. పాప బాపు చేతుల్లో ఉంది. మోతి లేచి తోక ఊపింది గాని ఆయన దగ్గరికి రాలేదు. ఇది ఎన్నాళ్ళ నుంచి బయట ఉంటోందని బాపు అడిగాడు. నోట్‌బుక్ తెచ్చి 3:05 చూపించాను. ఆయన పాపను అమ్మకిచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆ యాల్లకు దవాఖాన వరండాల నిలవడ్డ. పొద్దటిసంది పిల్ల కండ్లు తెరుస్తలేదన్నరు. మైసమ్మకు మొక్కిన. పిల్ల బతికితే మోతిని ఇడిసిపెడ్త, మల్ల చేతితోని ముట్టనని. మనసులనే అనుకున్న. పెదవి గూడ కదపలే. మీ అమ్మకు గూడ చెప్పలే."

అక్క అంతా విన్నది. కుక్కను పంపేయాలన్న మనిషి, గేటు దగ్గరికి తనే పోయి మోకాళ్ళ మీద కూర్చుంది.

"మోతీ, రావే. లోపలికి రా. నిన్నేమనను."

మోతి ఆమె చేయి నాకింది. కదలలేదు.

"పిలువకు బిడ్డా" అన్నాడు బాపు. "నా మొక్కు అది చెల్లిస్తున్నది."

బయ్యారం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మోతి ఇంకా నాలుగేళ్ళు బతికింది. వానొస్తే పక్కింటి అరుగు ఎక్కేది గాని మా గేటు దాటలేదు. నా మేనకోడలు వచ్చినప్పుడల్లా దాని మెడ పట్టుకునే నడక నేర్చుకుంది. రోజూ బాపే అన్నం పెట్టేవాడు. ఆయన చేయి వెనక్కి తీసేదాకా మోతి ఆగేది, తర్వాతే తినేది.