బానెట్ ఎత్తితే ఏడ్చే హనోకు

కారు బానెట్ ఎత్తి చూసి ఏడ్చే మెకానిక్ నారాయణఖేడ్ మొత్తానికి ఒక్కడే. పేరు హనోకు. బస్సు డిపో వెనక రేకుల షెడ్డు ఆయనది. ఏ బండి తెచ్చినా సరే, లోపలికి తొంగి చూస్తాడు, తల పట్టుకుంటాడు, "అయిపోయింది అన్నా, ఇగ దీని మీద ఆశ పెట్టుకోకు" అంటూ పాత టైరు మీద కూలబడతాడు. హారన్ మోగడం లేదని వెళ్ళినా ఇదే మాట.

అప్పుడు బండి తెచ్చినవాళ్ళు తమ గోడు మరచి ఆయన వీపు నిమరాలి. "ఏం గాదు హనోకూ, ధైర్యం జెయ్యి" అని ఛాయ్ తెప్పించాలి. ఛాయ్ గొంతు దిగాక లేచి, ముక్కు చీది, బండి బాగుచేస్తాడు. పక్కనున్న ఛాయ్ బండి కేవలం ఆయన ఏడుపు మీదే నడుస్తోందని నా గట్టి నమ్మకం. ఒకసారి నాగల్‌గిద్ద పెళ్ళి జీపు ఆగిపోతే, పెళ్ళికొడుకు తన తలపాగా కొసతో హనోకు కళ్ళు తుడవడం నేను చూశాను.

రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపో దాటడం లేదు, ఆటోలూ బంద్. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి లిల్లీకి బీదరులో నర్సింగు ఇంటర్వ్యూ పడింది. వెళ్ళకపోతే ఆ ఏడాదికి సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఉన్న ఒక్క దిక్కు నా సెకండ్‌హ్యాండ్ కారు. అదేమో డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగించుకుని, నల్లటి పొగ వదులుతూ, పెట్రోలు కుండలకొద్దీ తాగుతూ కుంటుతోంది. ఇంటర్వ్యూకు ముందురోజు దాన్ని ఎలాగో షెడ్డుకు చేర్చాను. పక్క సీట్లో లిల్లీ, రేపటి ఇంటర్వ్యూ భయంతో. పొద్దున్నుంచి ముద్ద ముట్టలేదు.

హనోకు ముందు ఆ పిల్ల ముఖం చూశాడు. తర్వాత బానెట్ ఎత్తాడు. అంత ఏడుపు ఆయన ఎప్పుడూ ఏడవలేదు.

"అయిపోయింది దశరథన్నా! ప్లగ్గులు జూడు, బొగ్గులైనయ్. గీ బండి బీదర్ గాదు, బజార్ గూడ దాటదు!"

లిల్లీ గబుక్కున కారు దిగింది.

"గట్లనకు కాకా. ఏం గాదు."

"ఎట్ల గాదు బిడ్డా? నా నసీబే మంచిగ లేదు."

"నీ నసీబ్‌కేమైంది? ముందు గీ నీళ్ళు తాగు."

నీళ్ళు తాగి, పొగగొట్టానికి బిగించిన సెన్సరుకు మీటరు తీగలు తగిలించాడు. ఇంజను నడుస్తుంటే ముల్లు పైకీ కిందికీ ఊగాలట. అది అడుగునే పడి ఉంది. గాలి పోయే దారికి గుడ్డ అడ్డం పెట్టినా కదల్లేదు. వైర్లు తడిమి చూశాడు, బాగానే ఉన్నాయి. సెన్సరు కనెక్షన్ పీకేస్తే ఇంజను కాస్త కుదుటపడింది.

"ఆక్సిజన్ సెన్సర్ సచ్చిందన్నా. పొగల గాలి ఎంత మిగిలిందో జూసి చెప్పాలె గిది. పెట్రోల్ సాల్తలేదు, సాల్తలేదని ఒక్కటే ఏడుపు. ఇంజన్ నమ్మి పోసుడే పోసుడు."

ఏడుపు గురించి ఎవరు మాట్లాడుతున్నారో చూడండి!

"కొత్తది దొరకదా కాకా?"

"బీదర్ల దొరుకుతది. పాల వ్యాన్ల పంపమని ఫోన్ జేస్తా. రాదు. వచ్చినా వేరేది వస్తది. సరైందే వస్తే పాతది ఊడదు."

వ్యాను వచ్చింది. సరైనదే తెచ్చింది. పాతది మాత్రం నిజంగానే తుప్పుతో బిగుసుకుపోయింది. నూనె పోసి, నాననిచ్చి, ఇంజను వేడి చేసి పానా తిప్పుతూ, "మర పోతది, నా బతుకు పోతది" అని హనోకు శోకాలు. లిల్లీ పక్కనే చతికిలబడి, "మెల్లగ కాకా, వస్తది, వస్తది" అంటూ ఆయన చెమట తుడిచింది. చివరికి ఊడింది. కొత్తదాని మరలకు పేస్టు రాసి, కొనకు చెయ్యి తగలకుండా బిగించాడు. కాసేపు బ్యాటరీ తీగ విప్పి పెట్టి, మళ్ళీ తగిలించి బండి స్టార్ట్ చేస్తే, పసుపు లైటు లేదు, నల్ల పొగా లేదు. ఈ సందట్లో ఆయనకని తెప్పించిన బన్నులో సగం లిల్లీ తినేసింది.

మలుపు దగ్గరికి వెళ్ళాక చూస్తే ఆయన పానా కారులోనే ఉంది. ఇచ్చి వద్దామని నడుచుకుంటూ వెనక్కి వెళ్ళాను. హనోకు టైరు మీద కూర్చుని, కూనిరాగం తీస్తూ జొన్నరొట్టె తింటున్నాడు. నన్ను చూసి ఆ రొట్టె దాచబోయాడు. అన్నం గిన్నె తెచ్చిన భార్య అమృతమ్మ పకపకా నవ్వింది.

"ఇంట్ల ఎన్నడన్న ఏడ్సిండా ఈయన? ఎవరన్న భయపడుకుంట వస్తేనే గీ ఏడ్పు. ఇంకొకళ్ళకు ధైర్యం జెప్పేటోనికి తన భయం యాదికుండదంటడు."

"ఎవ్వరికి జెప్పకన్నా," అన్నాడు హనోకు సిగ్గుపడుతూ.

నేను చెప్పలేదు. మర్నాడు బీదరు పోతుంటే లిల్లీ దారి పొడుగునా "పాపం కాకా" అంటూనే ఉంది. తన ఇంటర్వ్యూ సంగతే ఎత్తలేదు. నవ్వుతూ లోపలికి వెళ్ళింది, నవ్వుతూ బయటికొచ్చింది. ఫలితం ఫోనులో చెబుతామన్నారు.

ఇక నా పరేషాన్ మొదలైంది. ఫోను రాదు, అన్నం సహించదు, నిద్ర పట్టదు. ఒక మధ్యాహ్నం తట్టుకోలేక, ఏ జబ్బూ లేని కారును షెడ్డుకు తోలుకెళ్ళాను.

"ఏమైందన్నా?"

"ఏమో, నువ్వే జూడు."

బానెట్ ఎత్తాడు. ఇంజను వైపు కాదు, నా ముఖం వైపు చూశాడు. తల పట్టుకుని టైరు మీద కూలబడ్డాడు.

"అయిపోయింది అన్నా!"

నాటకమని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఛాయ్ చెప్పాను. "ఏం గాదు, అంత మంచిగైతది" అని ఎంత మనసు పెట్టి చెబుతున్నానంటే, హనోకు ఏడుపు ఆపి నన్ను మోచేత్తో పొడిచాడు.

"ఫోన్ మోగవట్టి ఎంత సేపాయె, ఎత్తరాదన్నా!"

లిల్లీకి సీటు వచ్చింది.