ఏడోనెల పిల్లవాడికి నలుగు

భారతమ్మ రోజూ పొద్దున్నే మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల కుళాయి దగ్గర గోళ్లను బండకు రుద్ది నునుపు చేసుకునేది. తర్వాత మట్టిగాజులు మోచేతి దాకా ఎక్కించి, జారకుండా గుడ్డపీలికతో కట్టి, యాదగిరి నర్సింహస్వామికి దండం పెట్టుకొని తార్నాకలోని చిన్న ప్రసూతి ఆసుపత్రికి నడిచేది. అక్కడ ఆమె ఆయా. ముత్తైదువ గాజులు తీయకూడదు. పసివాళ్ల ఒంటికి గాజు తగలకూడదు. రెండు ధర్మాలనూ అలా నిలుపుకుంది ఆ తల్లి.

అరవై ఎనిమిదిలో, యూనివర్సిటీ క్వార్టర్లలో ఉండే లెక్చరరు పార్థసారథి భార్యకు ఏడో నెలలోనే మగబిడ్డ పుట్టాడు. చర్మం ఎక్కడ చిట్లినా చీము పడుతుందని, పడితే బిడ్డ దక్కడం కష్టమని చెప్పి డాక్టరమ్మ వాణ్ణి భారతమ్మకు అప్పగించింది.

పురుటిస్నానం నాడు పార్థసారథి తల్లి విశాలాక్షమ్మగారు గిన్నెలో శనగపిండి, పసుపు, నువ్వులనూనె కలుపుకొని వచ్చారు.

“వాణ్ణి కాసేపు ఇటివ్వమ్మాయ్. నలుగు పెట్టకపోతే ఒంటిమీద నూగు పోతుందా?”

“పోకుంటే ఏమైతదమ్మా, మీసాలు జల్దీ వస్తయి” అంది భారతమ్మ.

“వేళాకోళాలొద్దు. నా పిల్లలందరికీ ఈ చేతులతోనే పెట్టాను. ఒక్కడికైనా కందిందా?”

“వాళ్లు నెలలు నిండి పుట్టిండ్రు. జర కూసోండ్రి, ముందుగాల గీ ప్లాస్టరు తియ్యాలె.”

ముక్కులోకి వేసిన పాలగొట్టం కదలకుండా చెంపకు అంటించిన ప్లాస్టరది. భారతమ్మ గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి దాన్ని నాననిచ్చింది. “అయిపాయె నాయనా, అయిపాయె” అని బుజ్జగిస్తూ, ఒక వేలితో చెంపను అదిమి పట్టుకొని, చీమ నడిచినంత మెల్లగా ఒలిచింది. అయినా కింద చర్మం కుంకుమ రాసినట్టు ఎర్రబడింది. బిడ్డ పెదవి వంకర పెట్టాడు. గట్టిగా ఏడవడానికి వాడికి ఓపిక చాలలేదు.

విశాలాక్షమ్మగారు ఆ చెంపనే చూస్తూ ఉండిపోయారు. గిన్నె తీసి కిటికీలో పెట్టారు.

“మరి నేనేం చెయ్యనే? ఊరికే చూస్తూ కూర్చోనా?” అన్నారు.

పెద్దావిడ అలా నొచ్చుకుంటే భారతమ్మ ప్రాణం ఒప్పలేదు. బిడ్డ కాళ్ల మీది గుడ్డ తొలగించి చూపింది. ఆసుపత్రి గరుకు దుప్పటి మీద తన్నుకొని తన్నుకొని మడమలు కందిపోయి ఉన్నాయి.

“ఒక్కటి అడుగుతనమ్మా, కాదనకుండ్రి. మీరు కట్టీ కట్టీ మెత్తబడ్డ నేతచీర ఉంటే, గంజి పెట్టకుండ ఉడుకునీళ్లల్ల మరిగించి, ఎండల ఆరేసి, రేపు జర తెచ్చియ్యుండ్రి. మీ మనుమని కింద పరుస్త.”