కాలు నేలకానే సైకిలు

మా వంశంలో మగవాళ్ళందరూ పొట్టివాళ్ళే. మా తాతగారు పొట్టి, మా నాన్నగారు ఇంకా పొట్టి, నేను ఆయన చెవి దాటలేదు. వాళ్ళిద్దరి విషయంలో ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. గుర్రం మీద కూర్చున్నవాడి పొడవు ఎవడూ కొలవడు. నా కాలానికి గుర్రం లేదు, గుర్రబ్బండి లేదు, వాటిని కట్టేసిన ఇల్లూ లేదు. కనుక నా పొడవు గురించి ఊళ్ళో ప్రతివాడికీ ఒక అభిప్రాయం ఉండేది.

యాభైల చివర పొలాలూ ఇల్లూ కలిసే పోయాయి. ఎలా పోయాయో ఇక్కడ రాయను. తెలిసినవాళ్ళకు తెలుసు, తెలియనివాళ్ళకు అవసరం లేదు. ఇల్లు కొన్నవాడు మా తాతగారి కళ్ళంలో వడ్లు కొలిచిన మనిషి కొడుకు. సరుగుడు కట్టె వ్యాపారంలో సంపాదించాడు. ఇంటితోపాటు ఇంటి ముందున్న మర్యాదను కూడా కొన్నానని వాడి ఉద్దేశం.

ఆ మర్యాద ఇది. మా ప్రహరీ గోడ దారి పొడవునా ఉండేది. దారికి ఒక పక్క గోడ, ఇంకో పక్క పంటకాలువ. గోడ మొదలైన చోటి నుంచి అయిపోయేదాకా ఎవరూ వాహనం మీద కూర్చుని పోకూడదు. బండి తోలేవాడు కిందికి దిగి ఎద్దుల పక్కన నడవాలి. సైకిళ్ళు వచ్చాక సైకిలు వాళ్ళు కూడా దిగి, తోసుకుంటూ పోయి, గోడ దాటాక ఎక్కేవారు. మా తాతగారు ఈ మాట నోటితో చెప్పగా ఎవరూ వినలేదు. ఆయనకు చెప్పవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు ఆ ఇంటి వీధి అరుగు మీద పడక్కుర్చీ వేసుకున్నవాడు మాత్రం నోటితోనే చెప్పేవాడు.

"ఏమయ్యోవ్, దిగి నడువు. కాళ్ళు లేవా ఏంది?"

నేనూ నా భార్యా ఊరి తూర్పు చివర, అమ్మకంలో చేరని మా పాత వడ్ల కొట్టులో ఉండేవాళ్ళం. గూడూరులో ఒక మైకా కంపెనీ ఆఫీసులో నాకు గుమాస్తా పని దొరికింది. నెల్లాళ్ళు నడిచి వెళ్ళాను. తరచూ ఆలస్యమయ్యేది. మేనేజరు ఒకనాడు పిలిచి, "సైకిలు కొనుక్కుంటారో, పని మానుకుంటారో మీరే తేల్చుకోండి" అన్నాడు. మా ఊరి నుంచి చిల్లకూరు మీదుగా గూడూరు పోయే దారి ఒక్కటే. అది ఆ గోడ పక్క నుంచే పోతుంది.

నడిచి పోయేవాణ్ణి దిగమనడానికి ఏమీ లేదు. సైకిలు కొన్న మర్నాటి నుంచి ఆ మాట నాకూ వినపడుతుంది. కనుక సైకిలు కొనకముందే నేను ఒకటి తేల్చుకున్నాను. నా తాత కట్టిన ఇంటి ముందు, వడ్లు కొలిచినవాడి కొడుకు కుర్చీలో వాలి చూస్తుండగా, నేను దిగను. ఆ దారిలో ఎద్దులు అడ్డం వస్తాయి, మేకలు వస్తాయి, వాడు కావాలని తెప్పించేవి వస్తాయి. ఏది వచ్చినా ఆగాలి గాని దిగకూడదు. అలా ఆగనిచ్చే సైకిలు నాకు కావాలి.

కొనే రోజున నా బావమరిది వెంట వచ్చాడు. రమ్మని నేను పిలవలేదు. అతను ఆరడుగుల మనిషి. లోకంలో వస్తువులన్నీ తన కొలతకే చేశారని అతని నమ్మకం. గూడూరు బజారులో పాత సైకిళ్ళు బాగుచేసి అమ్మే షాపుకు తీసుకుపోయి, ఒక నల్లటి ఎత్తు సైకిలు మీద చెయ్యి వేశాడు.

"ఇరవై నాలుగు ఇంచీల ఫ్రేము బావా. మగోడెక్కే సైకిలు. కళ్ళు మూసుకోని తీసుకో."

ఇంచీలంటే సీటు కింది గొట్టం ఎత్తు. ఆ రోజుల్లో మా వైపు పొడుగువాడైనా పొట్టివాడైనా ఇరవై నాలుగే కొనేవాడు. షాపువాడు సీటు అడుగంటా దించి, సైకిలు పట్టుకున్నాడు. నేను షాపు మెట్టు మీద నుంచి ఎక్కాను. పెడలు కిందికి పోయినప్పుడల్లా నా కాలు దాన్ని వదిలేసేది. అందుకోవడానికి నడుము కవ్వంలాగా అటూ ఇటూ తిరిగేది. బజారులో ఇద్దరు ముగ్గురు నిలబడి చూశారు. చూడనిచ్చాను.

"ఆపాలంటే?" అన్నాను.

"దిగాల్నండి," అన్నాడు షాపువాడు.

"దిగకుండా ఆపాల."

"దిగకుండా ఎందుకండీ ఆపేది?" అని వాడు నా బావమరిది వైపు చూశాడు. "పెడళ్ళకి చెక్కలు బిగిస్తా. గూడూర్లో సగం మంది చెక్కల మీదనే పోతుండారు, ఎవురికీ తెలీదు."

"చెక్కలు బిగిస్తే పెడలు దగ్గరకొస్తుంది. నేల రాదు గదా."

"నేలతో మీకేం పనండి? నేల ఒద్దనే గదా సైకిలెక్కేది."

నా బావమరిది పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. తర్వాత షాపువాడు లోపలి నుంచి ఆడవాళ్ళ సైకిలు ఒకటి తెచ్చాడు. ఊరు వదిలిపోయిన ఒక నర్సమ్మ అమ్మిందట. దానికి సీటుకూ హ్యాండిలుకూ మధ్య అడ్డం బారు ఉండదు. పంచె కట్టేవాడికి దానంత సుఖమైన సైకిలు లేదు. ఎక్కి చూశాను. రెండు పాదాలూ నేలకు చక్కగా ఆనాయి. బావమరిది మొహం తిప్పుకున్నాడు. నేను దాన్ని వద్దన్నది జనం నవ్వుతారని కాదు. మా ఊళ్ళో నన్ను చూసి నవ్వడానికి కొత్త కారణాలు అక్కర్లేదు. బారు లేని సైకిలు మీద కాలు కింద ఆనిస్తే, చూసేవాడికి కూర్చున్నట్టో దిగినట్టో తెలియదు. నాకు తెలియాలి, వాడికీ తెలియాలి. బారుకు ఇటొక కాలు, అటొక కాలు ఉంటే సందేహం ఉండదు.

"బారు ఉండాల. కాలు ఆనాల," అన్నాను.

షాపువాడు విసుక్కుంటూ వెనక గోడకు తగిలించిన ఒక చిన్న సైకిలు దించి దుమ్ము దులిపాడు. మగవాళ్ళ సైకిలే. ఇరవై ఇంచీల ఫ్రేము, చక్రాలు కూడా ఒక కొలత తక్కువ. ఎవరో వ్యాపారి కొడుక్కని తెప్పిస్తే, ఆ పిల్లవాడు త్వరగా పొడుగైపోయాడట. పెయింటు చెక్కుచెదరలేదు. ఇరుసులు పట్టి ఊపి చూశాను, ఊగలేదు. మిగతావాటి ధరలో సగానికే ఇస్తానన్నాడు.

"ఎందుకంత తక్కువ?"

"పొట్టిదండీ. ఎవుడూ కొనడు."

"ఊళ్ళో పొట్టోళ్ళు లేరా?"

"ఉండారండి. పొట్టోళ్ళమని వాళ్ళకి తెలియాల గదా."

ఎక్కాను. సీటు మీద నిటారుగా కూర్చునే ఎడమ కాలు నేలకు ఆనించగలిగాను. వేళ్ళే కాదు, ముందరి పాదం అంతా ఆనింది. మా గుర్రబ్బండి ఇత్తడి దీపాలు రెండూ, నా దగ్గరున్న డబ్బూ కలిపి వాడికిచ్చి తీసుకున్నాను. వాడు దీపాలు తిప్పి చూస్తూ, "తాతగారివా?" అన్నాడు. "అమ్మకానికి తెచ్చినవి," అన్నాను.

ఇప్పటికీ పొట్టివాళ్ళు సైకిలు కొనేటప్పుడు పక్కవాళ్ళ మాట విని ఎత్తుది కొంటుంటారు. వాళ్ళకు ఒకటే చెబుతాను. తొక్కడం ఎవడైనా తొక్కుతాడు. ఆగి చూడండి. ఆగినప్పుడు మీరు ఎవరి గోడ పట్టుకోవలసి వస్తుందో చూసుకోండి.

మర్నాడు పొద్దున గోడ దగ్గరికి వచ్చాను. దిగలేదు. కుర్చీలోంచి మాట వచ్చింది.

"ఏం చిన్నయ్యా, చిన్నయ్యకి చిన్న సైకిలా? దిగేదానికి కూడా సులువే గదా, దిగు మరి."

నేను తల తిప్పకుండా పోయాను. కొన్నాళ్ళు ఇలా నడిచింది. ఒకనాడు మేకలమంద, ఒకనాడు దారి మధ్యలో పోసిన కంకర. ఆగడం, కాలు ఆనించడం, సందు చూసుకుని పోవడం. అందులో ఆ సైకిలు నన్నొక్కసారి కూడా మోసం చెయ్యలేదు.

చివరికి ఒక పొద్దున సరుగుడు మొద్దులు నింపిన బండి దారికి అడ్డంగా నిలబడి ఉంది. కాలువ గట్టు మీద సైకిలు ఎత్తి మోసుకుపోయేంత సందు మాత్రం వదిలారు. నేను బండి దాకా పోయి, ఎడమ కాలు కింద ఆనించి, సీటు మీదే కూర్చున్నాను. నా వెనకే ఒక అయ్యవారు వచ్చాడు. చిల్లకూరు మిషన్ బడిలో పంతులు, మా ఊరి హరిజన పాలెంలో కాపురం. గోడ మొదట్లోనే దిగి, తన ఎత్తు సైకిలు తోసుకుంటూ వచ్చాడు. మా తాతగారి కాలంలో పాలెం వాళ్ళు ఆ దారిన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవారు. అది బాగుందనీ బాగాలేదనీ ఇక్కడ వాదించను. ఉండేది.

"దిగి గట్టు మీద పో చిన్నయ్యా," అన్నాడు కుర్చీలోవాడు. "బండి కదలదు. ఇరుసు బాగలేదు."

"బాగయిందాకా ఉంటా."

"ఉండు. కాలు కింద పెట్టినావు గదా. కాలు కింద పెడితే దిగినట్టే. నేను చూసినా, అయ్యవారూ చూసినాడు."

"నువ్వు కుర్చీలో ఉండావు. కాళ్ళు నేల మీదనే ఉండాయి. కూర్చున్నట్టా, లేచినట్టా?"

బండివాడు నవ్వు ఆపుకోవడానికి ఎద్దుల వైపు తిరిగాడు. అయ్యవారు నా మొహం వైపు కాదు, నా కాలి వైపు చూశాడు. తర్వాత సైకిలు భుజానికెత్తుకుని గట్టు మీదుగా పోయాడు. ఎండెక్కింది. తూర్పు గాలి ఆగిపోయింది. బరువు మెడల మీద ఉన్న ఎద్దులు కాళ్ళు మార్చుకుంటూ నురగలు కక్కడం మొదలుపెట్టాయి. ఆ జత కుర్చీలోవాడికి ప్రాణం.

"మెడలు పుండ్లు పడతాయయ్యా," అన్నాడు బండివాడు. "మనిషి కోసరం ఎద్దుల్ని చంపుకుంటామా?"

బండి కదిలింది. ఆఫీసుకు పోయేసరికి మేనేజరు గడియారం వైపు చూపించి, ఇంకొక్కసారి ఇలా వస్తే కుర్చీ ఉండదన్నాడు. కారణం అడిగాడు. చెప్పలేదు. చెప్పి దయ పుట్టించుకునే అలవాటు మా ఇంట్లో లేదు.

తర్వాతి వారం బండి మళ్ళీ అడ్డం నిలబడింది. ఈసారి ఆఫీసులో కుర్చీ ఉండదని నాకు తెలుసు. గట్టు మీద సందు కూడా కనపడుతూనే ఉంది. కాలు ఆనించి కూర్చున్నాను. వెనక నుంచి సైకిలు గంట మోగింది. అయ్యవారు గోడ మొదట్లో దిగలేదు. ఎక్కినవాడు ఎక్కినట్టే వచ్చి, నా పక్కన ఆగి, కాలు కింద పెట్టాడు. పొడుగు మనిషి, ఎత్తు సైకిలు మీద కూడా ఆయన కాలు ఆనింది.

కుర్చీలోవాడు లేచి అరుగు అంచుకు వచ్చాడు. "ఏమయ్యా అయ్యవారూ. దిగు."

"దిగినట్టేనండి," అన్నాడు ఆయన నెమ్మదిగా. "కాలు కింద పెడితే దిగినట్టేనని తమరే అన్నారు గదా మొన్న."

వాడు నా వైపు తిరిగాడు. వాడి గొంతులో అంతకుముందెన్నడూ లేని చనువు వినపడింది. "చూస్తివా చిన్నయ్యా? నీ కాడ నేర్చుకున్నదే ఇది. మీ తాత పెట్టిన మర్యాద ఇది, నాది కాదు. మీ తాతుంటే ఊరుకుంటాడా? నువ్వు చెప్పు, దిగమని చెప్పు."

అయ్యవారు కూడా నా వైపే చూశాడు. ఆయన నా పక్కన అలా కూర్చోవడం నాకు నచ్చలేదు. అబద్ధం ఎందుకు రాయాలి. ఆ గోడ పక్కన దిగకుండా ఉండే హక్కు నా ఒక్కడిదని నేననుకున్నాను. కాని వాడి తరఫున నా నోటి నుంచి ఒక్క మాట కూడా రాదు.

"మా తాతుంటే," అన్నాను, "ముందర నిన్ను ఆ కుర్చీలోంచి లేపుతాడు."

వాడు అరుగు అంచు నుంచి వెనక్కి జరిగాడు. తర్వాత బండి తియ్యమని బండివాడికి చెయ్యి ఊపి లోపలికి పోయాడు. ఎద్దులు బండిని పక్కకు లాగేసరికి పొద్దు బాగా ఎక్కింది. అయ్యవారు, "వస్తానండి," అని ముందుకు తొక్కుకుంటూ పోయాడు. పక్కపక్కన పోవడం ఇష్టం లేక కొంతసేపు ఆగాను. ఆయన లేపిన దుమ్ము నా మీద పడింది.

ఆఫీసులో నా బల్ల ముందు వేరే అతను కూర్చుని ఉన్నాడు. లోపలికి పోయి మేనేజరును బతిమాలలేదు. గుమ్మంలోనే సైకిలు తిప్పుకున్నాను. కొన్నాళ్ళకు నాయుడుపేట వైపు ఒక రైసుమిల్లులో పని దొరికింది, అది వేరే సంగతి.

ఆ మధ్యాహ్నం తిరిగి వస్తుంటే సరిగ్గా ఆ గోడ మధ్యలో చైను ఊడిపోయింది. అరుగు మీద కుర్చీ ఖాళీగా ఉంది. దారిలో ఎవరూ లేరు, కాలువలో ఒక గేదె తప్ప. దిగి చైను ఎక్కించుకుంటే చూసేవాడు లేడు.

సీటు మీద నుంచి లేవకుండా, రెండు కాళ్ళతో నేలను వెనక్కి తోసుకుంటూ, గోడ చివరిదాకా పోయాను. అక్కడ దిగి, చైను ఎక్కించి, కాలువలో చేతులు కడుక్కున్నాను.