తేనెలో తిరుమణి

ముప్పై ఎనిమిదేళ్లుగా ఒక మాట నా లోపలే ఉండిపోయింది. మా ఆవిడకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. ప్రతి శనివారం నామం పెట్టుకోవడానికి కూర్చున్నప్పుడు గొంతు దాకా వస్తుంది, మళ్లీ దిగిపోతుంది. నా పేరు అడగకండి. చిత్తూరు దగ్గర ఒక పల్లెలో బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా నాయనకు డాక్టరమ్మ రాసిచ్చిన నొప్పి మందు నేను ఇవ్వలేదు. ఇచ్చినట్టు నటించాను.

ఎనభైల మొదట్లో మాట. నాయనకు గొంతులో క్యాన్సర్. వేలూరు తీసుకుపోయి చూపించాం. నయమయ్యే దశ దాటిపోయిందన్నారు. అక్కడి డాక్టరమ్మ అరవం కలిసిన తెలుగులో నాకు ఓపికగా చెప్పింది. నాలుగు గంటలకోసారి ఒక మాత్ర. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు, గడియారం చూసి ఇవ్వండి. మీ అంతట మీరు పెంచొద్దు, తగ్గించొద్దు, ఉన్నట్టుండి ఆపొద్దు. అనుమానం వస్తే నాకు జాబు రాయండి. మింగలేకపోతున్నాడు కాబట్టి పొడి చేసి తేనెలో కలిపి ఇవ్వమంది. పిల్లలకు పాఠం చెప్పే నాకు కూడా అంత స్పష్టంగా చెప్పడం చేతకాదు.

మొదటి పది రోజులు అలాగే ఇచ్చాను. నాయన నిద్రపోయాడు. గంజి తాగాడు. అరుగు మీదికి వచ్చి కూర్చుని, గానుగ ఎప్పుడు ఆడిస్తున్నారని దారిన పోయేవాళ్లను అడిగాడు. ఆ పది రోజులను తలుచుకుంటేనే నాకు ఎక్కువ భయం. మందు పనిచేస్తుందని నా కళ్లతో చూశాను కదా. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు.

అప్పుడు ఊళ్లో మాట పుట్టింది, పంతులు వాళ్ల నాయనకు నల్లమందు పోస్తున్నాడని. ఆ మాత్రల్లో ఉండేది నల్లమందు నుంచి తీసిన సారమే, డాక్టరమ్మ ఆ సంగతి దాచలేదు. మా మేనమామ ఒకాయన నల్లమందుకు బానిసై, ఇంట్లో చెంబులు కూడా అమ్ముకుని చచ్చాడు. ఆ కథను బడిలో నీతిపాఠంగా చెప్పేవాణ్ణి నేనే. నాయన కూడా అలవాటు పడిపోతాడని భయపడ్డానా? ఇన్నేళ్లూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కానీ చావు ముంగిట్లో ఉన్న మనిషికి అలవాటైతే ఎవరికి నష్టం? ఆ ప్రశ్న డాక్టరమ్మను అడిగి ఉండవచ్చు. ఒక కార్డు ముక్క కూడా రాయలేదు. నేను భయపడింది నా పరువుకు. నలుగురికీ నీతులు చెప్పే నన్ను చూసి ఆ నలుగురే నవ్వుతారని.

మాత్రలు ఆపేశాను. ఆపేశానని నాయనతో చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. ఆయన నామాల పెట్టెలో తిరుమణి గడ్డ ఉండేది, నామం పెట్టుకునే తెల్లమట్టి. దాన్ని గీకి, పొడి చేసి, తేనెలో కలిపి నాలుకకు రాశాను. ఆ రోజే ఆయనకు చెమటలు, వణుకు మొదలయ్యాయి. ఉన్నట్టుండి ఆపొద్దని ఆమె ఎందుకు చెప్పిందో అర్థమైంది. అయినా ఆపాను.

రెండో రోజు నాయన దగ్గరికి పిలిచాడు.

“ఏమిరా అబ్బోడా, మందులో సేదు లేదే?”

“అదే మందు నాయనా. తేనె ఎక్కువైనట్టుండాది.”

“సేదూ లేదు, గుణమూ లేదు. నొప్పి యాడికీ పోలేదురా.”

మర్నాడు చేదు కోసం ఎండిన నేలవేము ఆకు నూరి చిటికెడు కలిపాను. భయంలో జరిగిన తప్పు అంటారేమో మీరు. మట్టి కలిపింది భయమే అనుకుందాం. ఆ నేలవేము కలిపింది ఎవరు? కూర్చుని, ఆలోచించి, మెత్తగా నూరింది ఎవరు?

చేదు తిరిగి వచ్చేసరికి నాయన నమ్మాడు. మందు మంచిదే, లోపం తనలోనే ఉందని నమ్మాడు. అంత పెద్ద డాక్టరమ్మ మందుకు కూడా లొంగలేదంటే ఇది మామూలు నొప్పి కాదు, చేసిన పాపం తగులుకుందనుకున్నాడు. మంచం పట్టె పట్టుకుని, పళ్లు బిగించి, తన బతుకంతా వెనక్కి వెతికాడు. మూడు రోజులు వెతికాడు. చివరికి దొరికింది.

“మీ సుబ్బమ్మ పిన్నమ్మ వంతు నీళ్లు ఒక పూట నేను కట్టుకున్నానురా. మోటరు కాలిపోయిందని ఆయమ్మకు అబద్ధం సెప్పినా. ఆ యేడు ఆయమ్మ సెరుకు ఎండిపోయింది. అదే నన్ను పట్టుకోనుండాది. పిలువు.”

సుబ్బమ్మ మా చిన్నాయన భార్య, పొత్తుబావిలో మాతో భాగం ఉన్న మనిషి. వెళ్లి పిలుచుకొచ్చాను. ఎప్పటి మాట బావా, నాకు గుర్తు కూడా లేదు, మనసులో పెట్టుకోవద్దు అని ఆమె మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. నాయన ముఖం తేటపడింది. ఇక నొప్పి తగ్గుతుందని ఎదురుచూశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మాత్రల పొట్లం లోపలి గదిలో నా ట్రంకుపెట్టెలో, చొక్కాల కింద ఉంది. నాలుగడుగులు. ఇప్పుడిస్తే నొప్పి తగ్గిపోతుంది, తగ్గితే ఇన్నాళ్లూ ఇచ్చిందేమిటని అడుగుతాడు. ఆ నాలుగడుగులు నేను వేయలేదు.

సాయంత్రానికి నాయన సామి కొండ ఉన్న దిక్కుకు తల తిప్పుకున్నాడు.

“ఆయమ్మ మన్నించినాది. ఆ సామి మన్నించలేదురా.”

ఆ తరువాత ఆయన నన్ను ఏమీ అడగలేదు. మందు కూడా అడగలేదు. ఆ సాయంత్రం నుంచి నాలుగో రోజు పోయాడు. కర్మలన్నీ పద్ధతిగా చేశాను. నాయనను ఎంత బాగా చూసుకున్నావప్పా అని ఊరంతా మెచ్చుకుంది. తలవంచుకుని విన్నాను. పొట్లం తీసుకుపోయి నీవా ఏటి ఇసుకలో పూడ్చిపెట్టాను.

ఒక పూట నీళ్ల కోసం చేసిన తప్పును ఆయన అంత నొప్పిలోనూ ఒప్పుకున్నాడు, ఎదురుగా కూర్చోబెట్టుకుని, మనిషి ముఖం చూస్తూ. నేను ఇన్నేళ్ల తరువాత, పేరు దాచుకుని, మీ ముఖం చూడకుండా చెబుతున్నాను. మన్నించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. చెప్పాక మాత్రం కొంచెం ఊపిరి ఆడుతున్నట్టుంది. దానికీ సిగ్గుగానే ఉంది. చెప్పవలసింది మీకు కాదు కదా.

నాయనా, సామికి నీమీద కోపం లేదు. నీ మందు నా పెట్టెలో ఉండినాది.